కొత్తది చేయాలంటే పాతది తెలియాలి

బడిపిల్లల ఆవిష్కరణలకు మొదటి మెట్టు వెతుకులాటే

జిల్లాలో వైజ్ఞానిక ప్రదర్శన ఎక్కడ జరిగినా ఒక దృశ్యం తప్పదు. బడి ఆవరణలో బల్లలు వరసగా వేసి ఉంటాయి. ఒక బల్ల మీద ఆకుపచ్చ రంగు పూసిన థర్మాకోల్ కొండ, దాని మీంచి దూకే నీళ్లు, కింద తిరిగే చిన్న చక్రం. పక్క బల్ల మీద చీకటి పడగానే దానంతటదే వెలిగే వీధి దీపం. ఆ పక్కన, చెయ్యి దగ్గరికి రాగానే మూత తెరుచుకునే చెత్తబుట్ట. పోయినేడూ ఇవే. అంతకు ముందేడూ ఇవే.

పరిశీలనకు వచ్చిన మాస్టారు ఒక బల్ల దగ్గర ఆగుతారు. “ఇది నీ సొంత ఆలోచనేనా బాబూ?” అని అడుగుతారు. “అవును సార్” అంటాడు పిల్లవాడు. “మరి నీకంటే ముందు ఎవరైనా చేశారేమో చూశావా?” అన్న రెండో ప్రశ్నకు జవాబు రాదు. పిల్లవాడు తల దించుకుంటాడు. కాస్త దూరంలో నిలబడి చూస్తున్న తండ్రి ముఖం చిన్నబోతుంది. ఆ నమూనాకు కావలసిన మోటారు, తీగలు, బల్బులు కోఠీ నుంచి తెప్పించడానికి ఆయన ఖర్చు పెట్టింది పత్తి ఏరిన కూలి డబ్బే కావచ్చు.

ఆ రెండో ప్రశ్న పిల్లవాణ్ణి తప్పు పట్టడానికి వేసింది కాదు. కొత్త వస్తువు తయారు చేయాలనుకునే ప్రతివారూ తమను తాము మొదట అడుగుకోవలసిన ప్రశ్న అది. బడిలో దాన్ని చివరి రోజున, ప్రదర్శన నాడు అడగడంతోనే చిక్కు వస్తోంది. మొదటి రోజునే అడిగితే పిల్లవాడి శ్రమ, తండ్రి డబ్బు, మాస్టారి సమయం కూడా దక్కుతాయి.

నమూనా వేరు, ఆవిష్కరణ వేరు

జలవిద్యుత్తు నమూనా చేయడం తప్పేమీ కాదు. నీటి బలంతో చక్రం ఎలా తిరుగుతుందో, చక్రంతో కరెంటు ఎలా పుడుతుందో స్వయంగా చేసి చూసిన పిల్లవాడికి ఆ పాఠం జన్మలో మరిచిపోయేది కాదు. తెలిసిన సూత్రాన్ని చేసి చూపడం నమూనా. ఉన్న ఇబ్బందికి ఇంతవరకూ లేని ఉపాయం చూపడం ఆవిష్కరణ. రెండూ మంచివే. మొదటిదాన్ని తెచ్చి రెండోదని చెప్పుకోవడమే పొరపాటు.

ఈ తేడా తెలియక నష్టపోతున్న పిల్లలు గ్రామాల్లో ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం, గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న జాతీయ ఆవిష్కరణల సంస్థ కలిసి బడిపిల్లల కోసం ‘ఇన్‌స్పైర్ మనక్’ అనే పథకం నడుపుతున్నాయి. ఆరో తరగతి నుంచి పై తరగతుల పిల్లలు తమ ఆలోచనలను బడి ద్వారా పంపవచ్చు. ఎంపికైన పిల్లవాడి బ్యాంకు ఖాతాలో, నమూనా తయారు చేసుకోవడానికి 10,000 రూపాయలు వేస్తారు. అక్కడి నుంచి జిల్లా ప్రదర్శన, రాష్ట్ర ప్రదర్శన, జాతీయ ప్రదర్శన.

ఎంపికలో చూసేవి దాపరికం లేకుండా ప్రకటించినవే. ఆలోచనలో కొత్తదనం ఉందా? పదిమందికీ ఉపయోగపడుతుందా? పర్యావరణానికి చేటు చేయదు కదా? వాడటం తేలికేనా? ఇప్పటికే ఉన్న అలాంటి సాధనాల కంటే ఏ విధంగా మేలు? ఈ చివరి ప్రశ్నను గమనించాలి. ఇప్పటికే ఏమేమి ఉన్నాయో తెలియని పిల్లవాడు దీనికి జవాబెలా చెబుతాడు? ఎంత చక్కగా రంగులు వేసినా, ఎంత గట్టిగా అప్పజెప్పినా ఇక్కడ ఆగిపోవలసిందే.

మన ఆసు యంత్రం కథ

వెతికితే ఆలోచన చిన్నబోతుందని, ‘అన్నీ ఎవరో చేసేశారు, ఇక మనకేం మిగిలింది’ అనిపిస్తుందని కొందరు పిల్లలు భయపడతారు. అది నిజం కాదని చెప్పడానికి దూరం పోనక్కరలేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పని మన కళ్లముందే ఉంది.

పోచంపల్లి పట్టుచీర మగ్గం ఎక్కకముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మేకుల చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడించాలి. నాలుగైదు గంటల పని. ఇంట్లో ఆడవాళ్లే చేసే పని. మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు రోజూ ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడేవారు.

చిన్నతనంలోనే బడి మానేసిన కుమారుడు 1992లో ఆ పనికి యంత్రం చేయాలని పూనుకున్నారు. ఒక్కొక్క భాగమే అమర్చుకుంటూ వచ్చారు. చివరికి, దారాన్ని మేకు చుట్టూ తిప్పే కదలిక దగ్గర పని ఆగిపోయింది. ఏళ్లు గడిచాయి. డబ్బు అయిపోయింది. ఊళ్లో నవ్వినవాళ్లు నవ్వారు. బతుకుదెరువుకు ఆయన హైదరాబాదు చేరారు.

1999లో బాలానగర్‌లో ఒక కార్ఖానాకు పనిమీద వెళ్లినప్పుడు అక్కడ నడుస్తున్న యంత్రం ఒకటి ఆయన కంటబడింది. అది చీరల యంత్రం కాదు, ఆసుతో దానికి ఏ సంబంధమూ లేదు. కాని దానిలో ఒక కదలిక సరిగ్గా తనకు కావలసినదే. దాన్ని ఒంటబట్టించుకుని తన యంత్రానికి అమర్చారు. ఆసు యంత్రం నడిచింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇందులో బడిపిల్లలు గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఆ కదలిక మల్లేశం గారు పుట్టించినది కాదు. వేరే పని కోసం ఎవరో ఎప్పుడో చేసిపెట్టినది. అయినా ఆసు యంత్రం ఆయన సొంతమే. ఆసుకు అది పనికొస్తుందని చూసిన కన్ను ఆయనది. ఏడేళ్లు ఏది దొరక్క ఆగిపోయారో ఆయనకు స్పష్టంగా తెలుసు కనుకనే, కనబడగానే గుర్తుపట్టగలిగారు. అంతకు ముందు ఆ యంత్రాన్ని రోజూ చూసినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లకు అందులో ఆసు కనబడలేదు.

విమానం చేసినవాళ్లూ ముందు ఉత్తరమే రాశారు

విమానం కనిపెట్టినవారు రైట్ సోదరులని ప్రతి బడిలోనూ చెబుతారు. వాళ్లు మొదట చేసిన పనేమిటో మాత్రం చాలామందికి తెలియదు. అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిళ్ల దుకాణం నడుపుకునే అన్నదమ్ములు వాళ్లు. కళాశాల పట్టాలు లేవు. అన్న విల్బర్ 1899 మే 30న వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు ఒక ఉత్తరం రాశాడు. మనిషి ఎగరడం గురించి ఇంతవరకు అచ్చయిన వ్యాసాలు పంపండి, చదవదగ్గ పుస్తకాల పేర్లు చెప్పండి అని అందులో కోరాడు. ముందువాళ్లు తెలుసుకున్నదంతా తెలుసుకుని, చేతనైతే దానికి తన వంతు కొంచెం కలపాలన్నదే తన కోరిక అని రాసుకున్నాడు.

సంస్థ పత్రాలు పంపింది. అన్నదమ్ములు వాటిని చదివారు. జర్మనీలో ఒటో లిలియెంతాల్ అనే ఆయన రెక్కలు కట్టుకుని కొండల మీంచి ఎన్నోసార్లు ఎగిరి, 1896లో కిందపడి చనిపోయాడు. ఏ రెక్క ఎంత బరువు ఎత్తుతుందో ఆయన లెక్కల పట్టికలు వదిలిపోయాడు. రైట్ సోదరులు ఆ లెక్కల ప్రకారమే రెక్కలు చేసి 1900లో, 1901లో ఎగరేసి చూశారు. లెక్క ప్రకారం ఎత్తవలసినంత బరువు అవి ఎత్తలేదు.

అక్కడ వాళ్లు నిరాశపడి ఊరుకోలేదు. పెద్దలు రాసింది తప్పుకాదులే అని సరిపెట్టుకోనూ లేదు. దుకాణంలోనే ఒక చెక్క పెట్టె చేసి, లోపలికి పంకాతో గాలి కొట్టి, చిన్న చిన్న రెక్కల రూపాలు సుమారు 200 పరీక్షించారు. అందరూ ఎంతోకాలంగా వాడుతున్న ఒక పాత అంకె సరిగా లేదని తేలింది. సొంత లెక్కలతో మళ్లీ రెక్కలు చేశారు. 1903 డిసెంబరు 17న వాళ్ల విమానం మొదటిసారి 12 సెకన్లపాటు గాలిలో నిలిచింది.

వెతుకులాట అంటే ఇదీ. ముందువారి పని తెలుసుకోవాలి, దాన్ని చేసి చూడాలి, ఎక్కడ సరిపోలేదో పట్టుకోవాలి. ఆ సరిపోని చోటు నుంచే కొత్త పని మొదలవుతుంది.

పెరటి చెట్టూ పనికొస్తుంది

వెతకడం అంటే ఫోనులో చూడటమేనని కొందరి అభిప్రాయం. ఫోను కంటే ముందు చూడవలసినది ఇల్లు, వాకిలి, వాడ. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఉండనే ఉంది. పెరటి చెట్టు విలువేమిటో దేశానికి గట్టిగా తెలిసివచ్చిన సందర్భం పసుపు తగాదా.

దెబ్బ తగిలితే పసుపు అద్దడం మన ఇళ్లలో పసిపిల్లలకూ తెలుసు. 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం ఆ వాడకం మీదే మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చింది. గాయం మాన్పడానికి పసుపు వాడటం కొత్త ఆవిష్కరణ అన్నమాట. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి 1996లో దీనిపై అభ్యంతరం తెలిపింది.

‘మా అవ్వకు తెలుసు’ అంటే అక్కడ చెల్లలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, ఇతర దేశాల్లో జనం వాడుకలో ఉన్నంత మాత్రాన అది లెక్కలోకి రాదు. అచ్చులో ఉంటేనే లెక్క. మండలి శాస్త్రవేత్తలు పాత గ్రంథాలు, పత్రికలు తిరగేసి 32 ఆధారాలు చూపించారు. 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం వాటిలో ఒకటి. 1997లో అమెరికా కార్యాలయం తన నిర్ణయాన్ని వెనక్కు తీసుకుంది. తరువాత 2001లో మన సంప్రదాయ వైద్య పరిజ్ఞానాన్ని క్రమపద్ధతిలో నమోదు చేసి, పేటెంటు కార్యాలయాలకు అందుబాటులో ఉంచే పని కూడా మొదలైంది.

పల్లెటూరి పిల్లవాడికి ఈ కథలో రెండు సంగతులున్నాయి. అవ్వ చెప్పిన చిట్కాను తెచ్చి ‘నేను కనిపెట్టాను’ అనడం, విశ్వవిద్యాలయం వారు చేసినా బడిపిల్లవాడు చేసినా ఒకటే. ఆ చిట్కాను అవ్వ పేరుతో, ఊరి పేరుతో, తేదీతో పుస్తకంలో రాసి పెడితే అది ఊరికి ఆస్తి. మన పేటెంట్ల చట్టంలో, సంప్రదాయంగా తెలిసినదాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోరు. నోటి మాటగా వస్తున్న స్థానిక పరిజ్ఞానాన్ని చూపించి కూడా అభ్యంతరం చెప్పవచ్చు. చెప్పేవారికి మాత్రం రాసిన కాగితం చేతిలో ఉంటే బలం.

ఒక ఉదాహరణ: తాటిచెట్టు, మోకు

వెతుకులాట ఎలా సాగాలో ఒక ఉదాహరణ చూద్దాం. తండ్రి గీత కార్మికుడైన ఒక విద్యార్థి, చెట్టు మీంచి పడకుండా ఒక సాధనం చేయాలనుకున్నాడనుకుందాం. మన జిల్లాల్లో ఆ బాధ తెలియని ఊరు లేదు. మోకు జారి పడి నడుము విరిగి మంచం పట్టినవారు, ప్రాణమే పోగొట్టుకున్నవారు ప్రతి వాడలోనూ గుర్తుకొస్తారు. పిల్లవాడు చేయాలనుకున్నది ఆట వస్తువు కాదు.

మొదటి వెతుకులాట ఇంట్లోనే. “నాయినా, మోకు ఎప్పుడు జారుతది?” అని అడగాలి. నడుమునూ చెట్టునూ కలిపి వేసే మోకు, పాదాలకు తగిలించుకునే గుజి, కత్తులు పెట్టుకునే ముస్తాదు కూడా ఒకనాడు ఎవరో కనిపెట్టిన సాధనాలే. అవి ఎందుకు అలా ఉన్నాయో తండ్రికి తెలిసినంత ఏ పుస్తకంలోనూ ఉండదు. చెట్టు మొదట్లో లావు, పైకి పోయేకొద్దీ సన్నం. వాన పడితే జారుడు. తల కింద మట్టల మొదళ్లు అడ్డం. కుండ దించేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి. పూటకు ఎన్నో చెట్లు ఎక్కి దిగాలి. ఇంత సమాచారం ఒక్క సాయంత్రంలో దొరుకుతుంది.

రెండో వెతుకులాట బయట. కొబ్బరిచెట్లు ఎక్కడానికి కేరళలో ఇనుప సాధనం ఉంది. కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ అనే రైతు చేసిన దానికి మంచి పేరు వచ్చింది. రెండు భాగాలుగా ఉంటుంది. ఒకదాని మీద నిలబడి రెండోదాన్ని పైకి జరుపుతూ ఎక్కుతారు. తాటిచెట్టు ఎక్కే సాధనం ‘నేనే మొదట చేశాను’ అనబోయిన విద్యార్థి ఇది చూడగానే ఆగుతాడు. ఆగడమే మంచిది. కొబ్బరికి కుదిరింది తాటికి కుదురుతుందా? లావు తగ్గేచోట పట్టు వదులైతే ఎలా? మట్టల దగ్గర ఎలా దాటించాలి? ఒక్కొక్క చెట్టుకు బిగించి విప్పడానికి ఎంతసేపు? ఇవన్నీ కొత్త ప్రశ్నలు.

మూడోది, ప్రభుత్వం ఇప్పటికే చేసిన ప్రయత్నం. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్ష’ కిట్ల పంపిణీ ప్రారంభించింది. పర్వతారోహకులు వాడే తరహా తాళ్లు, పట్టీలు అందులో ఉన్నాయి. ఆ కిట్ అందిన గీత కార్మికులు దగ్గరలో ఉంటే వాళ్ల దగ్గరికి పోయి అడగాలి. ఎక్కడ సౌకర్యం, ఎక్కడ ఇబ్బంది, తడిలో ఎలా ఉంది అన్నది చెప్పగలవారు వాళ్లే.

ఇంతా తిరిగి వచ్చాక పిల్లవాడి ఆలోచన మారిపోతుంది. ‘చెట్టెక్కే యంత్రం చేస్తాను’ అని బయలుదేరినవాడు, ‘చెట్టు సన్నబడేకొద్దీ మోకును ఒక్క చేత్తో బిగించుకునే చిన్న కొక్కెం చేస్తాను’ అనవచ్చు. చూడటానికి మొదటిది పెద్దదిగా, రెండోది చిన్నదిగా ఉంటుంది. కాని రెండోది బడిపిల్లవాడి చేతికి అందేది, ఊరి కమ్మరి కొలిమిలో సాధ్యమయ్యేది, తండ్రి నిజంగా వాడగలిగేది. పరిశీలకుడు ‘ముందు ఎవరు చేశారు?’ అని అడిగితే, ఫలానా వారు ఇంతవరకు చేశారు, నేను ఇక్కడి నుంచి మొదలుపెట్టాను అని తలెత్తి చెప్పగలడు.

ఇలాంటి సాధనాన్ని పరీక్షించడంలో జాగ్రత్త అవసరం. పిల్లలు గాని పెద్దలు గాని దానితో ఎత్తుకు ఎక్కి చూడరాదు. నేల నుంచి మూరెడు ఎత్తులో, ఇసుక బస్తా కట్టి, పెద్దల ఎదుటే చూడాలి.

నాలుగు గళ్ల పుస్తకం

వెతికింది వెతికినట్టు రాసుకోకపోతే సగం శ్రమ వృథా. నూరు పేజీల నోటు పుస్తకం ఒకటి చాలు. పేజీకి నాలుగు గళ్లు గీయాలి. మొదటి గడిలో ఎవరు చేశారు, ఎక్కడ, ఏ సంవత్సరం. రెండో గడిలో అది ఎలా పనిచేస్తుంది. మూడో గడిలో మన ఊరికి, మన పనికి అది ఎందుకు చాలదు. నాలుగో గడిలో నేను మార్చబోయేదేమిటి. ప్రతి పేజీ మీదా తేదీ వేయాలి. వారానికొకసారి మాస్టారు చూసి సంతకం పెట్టాలి.

మూడో గడి ఖాళీగా ఉండిపోతే, ఉన్న సాధనమే చాలునన్నమాట. అప్పుడు కొత్తది చేయనక్కరలేదు. ఉన్నదాన్ని ఊరికి తెచ్చి చూపించినా అది సేవే. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఇంకా ఆలోచించాలి. నాలుగూ నిండిన రోజున సామాను కొనడానికి డబ్బు తీయవచ్చు. అప్పటిదాకా తండ్రి జేబు ముట్టుకోనక్కరలేదు.

ఫోనులో వెతికేటప్పుడు ఒకే పేరుతో చూసి, ఏమీ లేదనుకోవడం పిల్లలు సాధారణంగా చేసే పొరపాటు. ఒకే వస్తువుకు తెలుగులో ఒక పేరు, ఇంగ్లీషులో నాలుగు పేర్లు, కార్ఖానాలో మరొక పేరు ఉండవచ్చు. వస్తువు పేరుతో దొరక్కపోతే అది చేసే పనిని బట్టి వెతకాలి. ఇంగ్లీషు మాటల కోసం సైన్సు మాస్టారి సాయం తీసుకోవాలి. జాతీయ ఆవిష్కరణల సంస్థ దేశంలోని రైతులు, చేతివృత్తులవారు, విద్యార్థులు చేసిన సాధనాల వివరాలు అందుబాటులో ఉంచింది. కేంద్ర ప్రభుత్వ పేటెంటు కార్యాలయం వారి వెబ్‌సైటులోనూ రుసుము లేకుండా వెతకవచ్చు. పేటెంటు పత్రాల భాష గట్టిగా ఉంటుంది. బడిపిల్లలు ముందుగా బొమ్మలు చూసి, ఏ భాగం ఏం చేస్తుందో తెలుసుకుంటే చాలు.

పేటెంటు గురించి తెలియవలసిన సంగతులు

పేటెంటు అంటే ఆవిష్కర్తకు 20 ఏళ్లపాటు ఉండే హక్కు. గడువు తీరిన దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు. ఒక దేశంలో ఇచ్చిన హక్కు ఆ దేశంలోనే చెల్లుతుంది. కాని కొత్తదనం సంగతికి వచ్చేసరికి ప్రపంచమంతా ఒకటే. జపానులో అచ్చయిన ఉపాయాన్ని ఆలేరులో కొత్తదని నమోదు చేయడానికి వీల్లేదు.

అన్నిటికంటే పల్లె పిల్లలకు నష్టం తెచ్చే విషయం మరొకటి. నిజంగా కొత్త సాధనం చేసిన విద్యార్థి దాన్ని పదిమంది ముందు విప్పి చూపించి, ఎలా పనిచేస్తుందో పూసగుచ్చినట్టు వివరించి, ఆ తరువాత పేటెంటుకు వెళితే, తన ప్రదర్శనే తనకు అడ్డు రావచ్చు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకు చట్టంలో కొంత మినహాయింపు ఉన్నా, ప్రతి ప్రదర్శనకూ అది వర్తించదు. అందువల్ల ముందుగా తాత్కాలిక దరఖాస్తు పెట్టుకోవడం క్షేమం. పూర్తి వివరాలు ఇవ్వడానికి ఆ తరువాత 12 నెలల గడువు ఉంటుంది. తెలుగు రాష్ట్రాలవారికి చెన్నైలోని పేటెంటు కార్యాలయం వర్తిస్తుంది. జిల్లా సైన్సు అధికారి ద్వారా గాని, పథకం నడిపే సంస్థ ద్వారా గాని ముందే సలహా తీసుకోవడం మంచిది.

మాస్టార్లు, తల్లిదండ్రులు ఏం చేయాలి

పిల్లవాడు కొని తెచ్చిన నమూనాను సొంతదని చెప్పుకోవడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే. పరిశీలకులకు తెలుస్తుంది, తోటి పిల్లలకు తెలుస్తుంది. కాని తప్పంతా పిల్లవాడిది కాదు. ప్రదర్శన వారం రోజులుందనగా ‘ఏదో ఒకటి చేసుకురండి’ అని చెబితే అంగట్లో దొరికేదే వస్తుంది. వేసవి సెలవులకు ముందే ‘మీ ఇంట్లో ఏ పని ఎక్కువ కష్టంగా ఉందో చూసి రాయండి’ అని చెబితే, సెలవులు ముగిసేసరికి వరినాటు, కల్లం, మగ్గం, గీత, పాడి పనుల్లోంచి ప్రశ్నలు పుస్తకం నిండా వస్తాయి.

పెద్ద బడుల పిల్లలకు లేని సౌకర్యం పల్లె పిల్లలకు ఇక్కడ ఉంది. కష్టం ఎక్కడ ఉందో వాళ్లు రోజూ చూస్తున్నారు. మల్లేశం గారికి ఆసు బాధ ఏ పుస్తకమూ చెప్పలేదు, తల్లి భుజం చెప్పింది.

తల్లిదండ్రులు చేయవలసింది డబ్బు ఇవ్వడం కంటే, అడిగినప్పుడు జవాబు చెప్పడం. “నీకెందుకురా, చదువుకో పో” అనకుండా, కొడవలి పిడి ఎందుకు వంకరగా ఉంటుందో, నాగలి కర్రు ఎందుకు అరుగుతుందో చెబితే అది కూడా చదువే. చెప్పినవారి పేరు పిల్లవాడి పుస్తకంలో ఉండాలి. ప్రదర్శన బల్ల మీద అట్టముక్కపై ‘ఈ సంగతి చెప్పినవారు మా తాత’ అని రాస్తే బహుమతి తగ్గిపోదు. పిల్లవాడు నిజాయితీగా వెతికాడని పరిశీలకుడికి నమ్మకం కలుగుతుంది.

మళ్లీ వైజ్ఞానిక ప్రదర్శన రోజు వస్తుంది. మళ్లీ బల్లలు వేస్తారు. మాస్టారు మళ్లీ ఆ ప్రశ్నే అడుగుతారు. ఆ రోజున పిల్లవాడు నమూనా పక్కనున్న నోటు పుస్తకాన్ని తీసి మొదటి పేజీ తెరిచి చూపించాలి. అందులో మొదటి పేరు దూర దేశపు శాస్త్రవేత్తది కావచ్చు, పక్క జిల్లా రైతుది కావచ్చు, గోడ దగ్గర నిలబడి చూస్తున్న తండ్రిది కావచ్చు.